టానిక్ సంగతి తర్వాత, ముందు ఆ చిన్న మాత్ర ఏమిటి?

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు. నాలుగు నెలల క్రితం కోవిడ్ వచ్చి ఐదు రోజుల్లో తగ్గింది. అప్పటి నుంచి నీరసం, తలనొప్పి. చదివింది గుర్తుండట్లేదంటోంది. లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. వారంలో రెండు రోజులు స్కూలు మానేస్తోంది. మందుల షాపులో ఇచ్చిన చిన్న మాత్ర నెల రోజులుగా వేస్తున్నాం. ఆకలి పెరిగి ఒళ్లు చేసింది కానీ ఓపిక రాలేదు. మంచి టానిక్ చెప్పండి. డ్యాన్స్ క్లాసుకు పంపవచ్చా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మాత్ర పేరు రాయలేదు. నెలలోనే ఆకలి పెరిగి ఒళ్లు చేసిందంటే డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ అయి ఉండవచ్చు. లేదా ఆకలికి ఇచ్చే సిప్రోహెప్టడీన్ కావచ్చు. దాంతో మగత వస్తుంది, పిల్ల ఇంకా డీలా పడుతుంది. స్టెరాయిడే అయితే ఇన్నాళ్లు వాడాక టక్కున ఆపకూడదు. కిడ్నీల పైనుండే, ఒంటికి కావాల్సిన స్టెరాయిడ్‌ను సహజంగా తయారుచేసే అడ్రినల్ గ్రంథులు పని తగ్గించేసి ఉంటాయి. ఒక్కసారిగా ఆపితే వాంతులు, కడుపునొప్పి, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం దాకా వెళ్లొచ్చు. అలాగని డాక్టర్‌కు చూపించకుండా కొనసాగించమనీ కాదు. ఒకటి రెండు రోజుల్లో పిల్లల డాక్టర్‌కు చూపించండి, డోసు ఎలా తగ్గించాలో ఆయన చెబుతారు. ఈలోగా వాంతులు, జ్వరం వస్తే నేరుగా ఆసుపత్రికి వెళ్లి మాత్ర సంగతి మొదటే చెప్పండి. నెల రోజులు షాపు మాత్రలతో గడిపారు, ఈపాటికి ఒక్క రక్తపరీక్షైనా అయ్యేది కదమ్మా!

ఇక లాంగ్ కోవిడ్, అంటే కోవిడ్ తగ్గాక కూడా లక్షణాలు నెలల తరబడి వదలకపోవడం. కోవిడ్ సోకిన మూడు నెలల్లోపు మొదలై, కనీసం రెండు నెలలుండి, రోజువారీ పనులకు అడ్డొచ్చే లక్షణాలనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో పిల్లలకు ప్రమాణంగా పెట్టింది. మీరు రాసింది దానికి సరిపోతోంది. కానీ దీన్ని తేల్చే రక్తపరీక్ష లేదు, మిగతా కారణాలు లేవని చూసుకున్నాకే ఆ పేరు పెట్టాలి. హిమోగ్లోబిన్ (ఈ వయసు ఆడపిల్లలకు 12 కన్నా తగ్గకూడదు), ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బి12, థైరాయిడ్, షుగర్ చూడాలి. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే డాక్టర్‌కు చెప్పండి. రెండు వారాలు దాటిన దగ్గు, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్ష తప్పదు.

కళ్లు బైర్లు కమ్మడం నన్ను ఆలోచింపజేసింది. క్లినిక్‌లో పది నిమిషాలు పడుకోబెట్టి నాడి, బీపీ చూస్తారు. తర్వాత నిలబెట్టి పది నిమిషాల పాటు రెండేసి నిమిషాలకు మళ్లీ చూస్తారు. ఈ వయసులో బీపీ పడకుండానే నాడి నిమిషానికి 40 పెరిగి అలాగే ఉంటే పాట్స్ (నిలబడితే నాడి అతిగా పెరిగే సమస్య) అని అనుమానిస్తాం. రక్తహీనత ఉన్నా, నీళ్లు తక్కువ తాగినా నాడి పెరుగుతుంది కాబట్టి ఇంట్లో ఆక్సీమీటర్ పెట్టి నిర్ణయాలకు రావద్దు. నీళ్లు బాగా తాగించండి. ఉప్పు పెంచడం మాత్రం డాక్టర్ చెబితేనే.

డ్యాన్స్ ఇప్పుడే వద్దు, ముందు ఈసీజీ తీయించండి. లాంగ్ కోవిడ్‌లో శ్రమ చేసిన రోజు బాగానే ఉండి, మర్నాడో మూడోనాడో పిల్ల కూలబడిపోవచ్చు. చాలామంది తల్లిదండ్రులు దాన్ని బద్ధకం అనుకుని తిడతారు. స్కూలుతో మాట్లాడి కొన్నాళ్లు పూటబడికి ఒప్పించండి, పీటీ పీరియడ్ మాన్పించండి. వారం నిలకడగా ఉంటేనే ఇంకో పీరియడ్ కలపండి. మళ్లీ కూలబడితే వెనక్కి తగ్గండి. ఆడుతుండగా ఛాతీనొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, కూర్చున్నప్పుడే ఆయాసం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

టానిక్ ప్రస్తుతానికి ఏదీ వద్దు, రక్తపరీక్షలో లోపం కనిపిస్తే దానికి తగ్గ మందు రాస్తారు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రల స్ట్రిప్ తీసుకెళ్లండి. షాపువాళ్లు కత్తిరించి ఇచ్చినవైతే, పేరు కనిపించకపోయినా ఆ ముక్కే పట్టుకెళ్లండి.