కమోడ్ జోలికి వెళ్ళకండి, టబ్ తీసేయండి

ప్రశ్న: మా పెద్ద బెడ్‌రూమ్‌కి ఉన్న అటాచ్డ్ బాత్రూమ్ 7 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు. తలుపు పొట్టి గోడకి కుడి చివర ఉంది, లోపలికి తెరుచుకుంటుంది. ఎదురుగా చివరి గోడకి కిటికీ, దాని కింద టబ్. టబ్‌లో ఎవరూ స్నానం చేయరు, ఉతకాల్సిన బట్టలు పడేస్తున్నాం. ఎడమ గోడకి తలుపు దగ్గర బేసిన్, కాస్త లోపల కమోడ్ ఉన్నాయి. మురుగు పైపు ఆ గోడ బయటే దిగుతుంది. ఇప్పుడు అంతా పీకేసి కొత్తగా చేయిద్దామనుకుంటున్నాం. కమోడ్‌ని కుడి గోడకి మార్చేస్తే ఎడమ పక్కన రెండు బేసిన్లతో పొడవాటి కౌంటర్ వస్తుందంటున్నాడు కాంట్రాక్టరు. మా ఆయనకి తెగ నచ్చేసింది, నాకే టెన్షన్‌గా ఉంది. మా అత్తగారు వచ్చినప్పుడు ఆవిడ కూడా ఇదే వాడతారు. ఏం చేయమంటారు?

జవాబు: కమోడ్‌ని ఉన్నచోటే ఉంచండి. మిగతావన్నీ మీ ఇష్టం వచ్చినట్టు తిప్పుకోవచ్చు.

ఎందుకంటే నీళ్ళు తెచ్చే పైపులు సన్నవి, ప్రెషర్‌తో నడుస్తాయి, గోడల్లో పైకీ కిందకీ ఎటు కావాలంటే అటు వెళ్తాయి. పోయే పైపుల సంగతి వేరు, వాటికి వాలు కావాలి. కమోడ్ పైపు సుమారు 4 అంగుళాలది, అడుగుకి పావు అంగుళం చొప్పున వాలు ఇవ్వాలి. ఎడమ గోడ నుంచి కుడి గోడకి 7 అడుగులు, అంటే వాలుకే దాదాపు 2 అంగుళాలు పోతుంది. దాని మీద పైపు మందం, వంపులు, పైన కాంక్రీటు, టైలు లెక్కేస్తే నేల కింద అరడుగుకి పైనే లోతు కావాలి. అంత లోతు ఇప్పటికే ఉంటే సరే. లేకపోతే బాత్రూమ్ నేలని మెట్టులా పైకి లేపుతారు, లేదా కింది అంతస్తు సీలింగ్‌కి పైపు వేలాడదీస్తారు. మెట్టు లేపారంటే మీ అత్తగారికి రోజూ అదొక గండం. ఈ రెండిట్లో ఏది చేస్తారో కాంట్రాక్టర్‌ని సూటిగా అడగండి. 'చూసుకుందాం లెండి' అన్నాడంటే ఆ పని ఒప్పుకోకండి.

ఇక రెండు బేసిన్లు. ఇద్దరు పక్కపక్కన ఇబ్బంది లేకుండా నిలబడాలంటే ఒక బేసిన్ మధ్య నుంచి ఇంకో బేసిన్ మధ్యకి 3 అడుగులు ఉండాలి, ఆ లెక్కన కౌంటర్ 5 అడుగులు దాటుతుంది. పొద్దున్నే ఇద్దరూ ఒకేసారి మొహం కడుక్కోవడం అరుదు, గొడవంతా అద్దం ముందు చోటు కోసమే. 3 అడుగుల కౌంటర్ కట్టి, బేసిన్‌ని మధ్యలో కాకుండా ఒక పక్కకి జరిపి, గోడంతా పొడుగు అద్దం పెట్టించండి. ఒకరు పళ్ళు తోముకుంటుంటే ఇంకొకరు తల దువ్వుకోవచ్చు, సామాను పెట్టుకోవడానికి చోటూ మిగులుతుంది. మీవారికి ఇది చెప్పేటప్పుడు మాత్రం నా పేరు చెప్పకండి.

లోపలి గోడ నుంచి తలుపు వైపు కొలుచుకుంటూ వద్దాం. టబ్ తీసేస్తే కిటికీ గోడ దగ్గర మొదటి మూడున్నర అడుగులు షవర్‌కి ఇచ్చేయండి. వెడల్పు ఎలాగూ 7 అడుగులు కాబట్టి చేతులు చాపుకుని స్నానం చేయొచ్చు. దాని తర్వాత కమోడ్‌కి 3 అడుగులు, అంటే కమోడ్ మధ్య గీత నుంచి అటూ ఇటూ 18 అంగుళాలు. చాలాచోట్ల రూలు 15 అంగుళాలు ఉంటే చాలంటుంది గానీ 15లో మోచేతులు గోడకి తగులుతూనే ఉంటాయి. ఈ లెక్కన కమోడ్ మధ్య గీత చివరి గోడకి 5 అడుగుల దూరంలో పడాలి. ఇప్పుడున్నది ఎక్కడుందో టేపు పెట్టి చూడండి, నాలుగు అంగుళాలు అటూ ఇటూ అయితే షవర్‌కి అడ్డంగా పెట్టే గాజు పలకనే జరపండి, కమోడ్‌ని కాదు. తర్వాత 4 అంగుళాల అడ్డుగోడ, నడుం ఎత్తున, తలుపు తీయగానే కమోడ్ కనబడకుండా. మిగిలింది కౌంటర్‌కి. కమోడ్ ముందు నాలుగున్నర అడుగులు ఖాళీ ఉంటుంది, రెండున్నర ఉన్నా చాలేది. అందుకే కుడి గోడకి ఒక అడుగు లోతు అలమర కూడా పెట్టుకోవచ్చు, తలుపు రెక్క తిరిగే మేర వదిలేసి.

షవర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో చెమ్మ దిగిన కేసులు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. గాజు పలక ఎడమ గోడ నుంచి నాలుగున్నర అడుగులు పెట్టించి కుడి పక్క రెండున్నర అడుగులు తెరిచి ఉంచండి, తలుపు అక్కర్లేదు. షవర్ తల ఎడమ గోడకి ఉండాలి, నీళ్ళు తెరిచిన వైపుకి అంతగా చిమ్మవు. తిప్పే నాబ్‌ని మాత్రం లోపలికి అడుగుపెట్టే చోట కుడి గోడకి పెట్టించండి. చన్నీళ్ళు నెత్తిన పడకుండా బయటే నిలబడి తిప్పొచ్చు. ప్లంబర్ విసుక్కుంటాడు, అయినా నీళ్ళు తెచ్చే పైపే కదా. నీళ్ళు పోయే జాలీ పొడవాటిది తీసుకుని కిటికీ గోడ పొడుగునా పెడితే వాలు ఒక్క వైపుకే ఇస్తే సరిపోతుంది, మూడున్నర అడుగులకి అంగుళం లోపే. పెద్ద టైల్స్ కూడా వేసుకోవచ్చు. జాలీ మధ్యలో ఉంటే నాలుగు వైపుల నుంచీ వాలు రావాలి, టైలు ముక్కలు కోయక తప్పదు. షవర్ ముందు గడప లాంటి దిమ్మె కట్టకండి. అది లేనప్పుడు వాటర్‌ప్రూఫింగ్ షవర్ వరకే కాకుండా మొత్తం నేలకీ, గోడల మీద కనీసం 6 అంగుళాల ఎత్తుకీ, షవర్ గోడలకైతే 6 అడుగుల ఎత్తుకీ వేయించాలి. కిటికీ షవర్‌లోకి వస్తోంది కదా, దాని అంచుల్ని, కిటికీ కింది దిమ్మని కూడా వదలొద్దు, దిమ్మ వాలు లోపలికే ఉండాలి. టైల్స్ వేసేముందు జాలీ మూసి 24 గంటలు నీళ్ళు నిలబెట్టి చూడండి. టైల్స్ పడ్డాక చూద్దామంటే ఆ పరీక్షకి అర్థమే లేదు.

అత్తగారి కోసం కమోడ్ పక్కన, షవర్‌లో పట్టుకునే కడ్డీలు కావాలి, నేల నుంచి 33 - 36 అంగుళాల ఎత్తులో. ఇప్పుడు కడ్డీ వద్దనుకున్నా గోడ మూసేముందు అక్కడ గట్టి ఆధారం పెట్టించి ఫోటో తీసి పెట్టుకోండి. ఆ ఫోటోల్లో పైపులు, వైర్లు ఎక్కడ పోయాయో టేపు ఆనించి మరీ తీయండి. తలుపు బయటికి తెరుచుకునేలా మార్చండి, ఎవరైనా లోపల పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపుకి వాళ్ళే అడ్డం పడతారు. అలమరకి అదనంగా చోటూ దొరుకుతుంది.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ గది వైశాల్యం 70 చదరపు అడుగులకి 70 సీఎఫ్‌ఎమ్ (నిమిషానికి 70 ఘనపుటడుగుల గాలి లాగేది) చాలు. గాలి బయటికే పోవాలి, ఫాల్స్ సీలింగ్ పైకి వదిలేస్తే బూజు పడుతుంది. కరెంటు ప్లగ్గులు షవర్‌కి వీలైనంత దూరంగా, లైన్ మీద 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీడీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) ఉండాలి.

పని మొదలుపెట్టేముందు ఇదంతా ఖాళీ నేల మీద సుద్దముక్కతో అసలు కొలతల్లో గీసి ముగ్గురూ నడిచి చూడండి. కొలతలు టైల్స్ అయ్యాక మిగిలే గదివి, ఇప్పటి ఇటుక గోడవి కావు.

ప్రశ్న: గోడకి వేలాడే కమోడ్ పెడితే చిన్న బాత్రూమ్‌లో చోటు మిగులుతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: కొంచెమే. ట్యాంకు గోడలో దాక్కోవాలి కాబట్టి ముందు అరడుగు మందం గోడ అదనంగా కట్టాలి, మిగిలిందనుకున్న చోటులో చాలావరకు దానికే పోతుంది. దాని అసలు లాభం కింద తుడుచుకోవడం తేలిక కావడం. ఇంకో సంగతి, దీని పైపు గోడలోంచి పోతుంది, మీ పాత కమోడ్‌ది నేలలోకి దిగుతుంటే ఆ కొస మార్పించాలి. నేలలోకి దిగేదే కొంటుంటే గోడ నుంచి పైపు మధ్యకి దూరం 9 అంగుళాలా 12 అంగుళాలా అని కొలిచి, కొత్త టైల్ మందం తీసేసి, ఆ కొలతతోనే షాపుకి వెళ్ళండి. మోడల్ ముందు నచ్చి కొలత తర్వాత చూసుకున్నవాళ్ళు ట్యాంకు వెనక రెండు మూడు అంగుళాల ఖాళీతో సర్దుకుపోతున్నారు, లేదా నేల పగలగొట్టిస్తున్నారు.