గుర్తు మాయమైనా యాప్ పోలేదు

ప్రశ్న: నాన్నగారి వాట్సాప్‌కి తెలిసినవాళ్ల నంబరు నుంచే ‘పీఎం కిసాన్’ పేరుతో ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా యాప్ ఎక్కించే ఫైల్) వచ్చింది. ఇన్‌స్టాల్ చేశారు. ఇప్పుడు దాని గుర్తే కనిపించడం లేదు. టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఆ ఫోన్లో నెట్ ఆపి, సిమ్ తీసేయండమ్మా. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా, యూపీఐ ఆపించండి. డబ్బు పోయుంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గుర్తు దాక్కున్నా యాప్ లోపలే ఉంటుంది. ఎస్సెమ్మెస్ అనుమతి ఇచ్చి ఉంటే ఓటీపీలు చదివేస్తుంది. సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితా అంతా వెతికి తీసేయండి. పోకపోతే ఫోన్లో ఉన్నదంతా చెరిపేసే ఫ్యాక్టరీ రీసెట్టే. నాన్నగారిని కోప్పడకండి. మా బాబాయికీ ఇలాగే ‘చలానా’ పేరుతో ఫైల్ వచ్చింది, సొంత మేనల్లుడి నంబరు నుంచి! ఆ కుర్రాడి ఫోన్ అప్పటికే మోసగాళ్ల చేతిలో ఉంది. అందుకే నాన్నగారి కాంటాక్టుల్లో ఉన్నవాళ్లకు ఈరోజే ఫోన్ చేసి, అలాంటి ఫైల్ వస్తే తెరవొద్దని చెప్పండి.