లోడ్ 16, సీపీయూ ఖాళీ: కొత్త సర్వర్ కొనే ముందు టాప్‌లో ‘డీ’ చూడండి

మీ ప్రశ్న ఇదే కదా: నాలుగు కోర్ల లినక్స్ సర్వర్, టాప్ కమాండ్ కొడితే లోడ్ యావరేజ్ 16, సీపీయూ మాత్రం 85 శాతం ఐడిల్, ర్యామ్‌లో ఫ్రీ దాదాపు సున్నా. ప్రాసెసర్ మార్చాలా, ర్యామ్ వేయాలా అని. ఇప్పుడే ఏదీ కొనకండి. ఈ అంకెలు తప్పుగా చదివి నేను ఒక రాత్రంతా జాగారం చేశాను.

అప్పట్లో చిత్తూరు దగ్గర ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో సిస్టమ్స్ చూసేవాణ్ణి. జూన్‌లో తోతాపురి సీజనంటే గేటు బయట రోడ్డు పొడవునా ట్రాక్టర్లే. కాటా దగ్గర స్లిప్పు ఆగితే రైతులు ఊరుకోరు. అలాంటి సాయంత్రం చూస్తే లోడ్ 9. గంట తర్వాత 13. టెన్షన్‌లో ఓనర్‌కు ఫోన్ చేసి "సార్, సర్వర్ చాలట్లేదు" అనేశాను. రీబూట్ కొడితే అది కూడా మధ్యలో ఆగిపోయింది, పవర్ బటన్ నొక్కిపట్టి ఆపాల్సి వచ్చింది. కాసేపటికి మళ్ళీ అదే కథ. అయితే స్లిప్పులు మాత్రం టకటకా ప్రింటవుతూనే ఉన్నాయి. అసలు అనుమానం అక్కడే రావాలి, నాకు రాలేదు.

లోడ్ అంటే శాతం కాదు, ప్రాసెస్‌ల (నడిచే ప్రోగ్రామ్‌ల) తలల లెక్క. చాలా యూనిక్స్‌లలో సీపీయూ మీద నడుస్తున్నవి, దాని కోసం క్యూలో ఉన్నవి మాత్రమే ఇందులోకి వస్తాయి. లినక్స్ ఇంకో రకాన్ని కూడా కలుపుతుంది: డిస్క్ లాంటి వాటి జవాబు కోసం కదలకుండా ఆగిపోయినవి. 1993లో వచ్చిన ఒక ప్యాచ్ నుంచి ఇలాగే ఉంది. మా యార్డులోనే చూడండి, కాటా ఖాళీగా ఉంటుంది, తూకం అయిన ట్రాక్టర్లు సరుకు దించే చోటు దొరక్క లోపల నిలబడి ఉంటాయి. అప్పుడు ఇంకో కాటా పెడితే ఏం లాభం?

టాప్‌లో ‘ఎస్’ కాలమ్‌లో డీ అని కనిపించేవి ఇవే. నా దగ్గర డీలో ఉన్నవన్నీ ఒకే బ్యాకప్ స్క్రిప్టు. టైమ్ ప్రకారం పనులు మొదలుపెట్టే క్రాన్ దాన్ని 15 నిమిషాలకోసారి లేపుతోంది, అది రాసే యూఎస్‌బీ డిస్క్ పాడైపోయింది, పాతది ముగియకముందే కొత్తది వచ్చి ఇరుక్కుంటోంది. గంటకు నాలుగు. 9 నుంచి 13కి ఎక్కింది అందుకే! ప్రాసెస్‌ని బలవంతంగా ఆపే కిల్ మైనస్ 9 కొట్టినా ఒక్కటీ చావలేదు. డీలో ఉన్నది తను ఎదురుచూసే పని తేలేదాకా ఆ సిగ్నల్ వినదు.

మీరు ముందు లోడ్ యావరేజ్‌లోని మూడు అంకెల్నీ పోల్చండి. అవి గత 1, 5, 15 నిమిషాల సగటులు. 16, 9, 4 అని ఉంటే లోడ్ ఎక్కుతోంది, తిరగబడి ఉంటే దిగుతోంది. తర్వాత విఎంస్టాట్ 1 (సెకనుకోసారి లెక్కలు చూపే కమాండ్) కొట్టి ‘ఆర్’ (సీపీయూ మీద, దాని క్యూలో ఉన్నవి), ‘బీ’ (డీలో ఇరుక్కున్నవి) కాలమ్‌లు చూడండి. ఆర్ కోర్ల సంఖ్యను మించి అలాగే నిలబడితే సీపీయూ నిజంగా చాలట్లేదు. బీ ఎక్కువగా ఉంటే డిస్క్ వైపు వెళ్ళండి, ఐఓస్టాట్ కమాండ్‌లో ఏ డిస్క్ అవెయిట్ (జవాబుకు పట్టే టైమ్) పెద్దదో తెలుస్తుంది. ‘డబ్ల్యూఏ’ (డిస్క్ కోసం చూస్తూ సీపీయూ ఖాళీగా ఉన్న శాతం) తక్కువ ఉందని డిస్క్ బాగుందనుకోకండి. ఆ టైమ్‌లో వేరే పని సీపీయూని వాడుకుంటే ఆ అంకె తగ్గిపోతుంది. క్లౌడ్ మెషీన్ అయితే ‘ఎస్‌టీ’ మీద కూడా ఒక కన్నేయండి, అది మీకు రావాల్సిన సీపీయూ టైమ్‌ని పక్కవాళ్ళు తినేస్తున్న లెక్క.

ర్యామ్ సంగతి చిన్నది. లినక్స్ ఖాళీ మెమరీని ఫైల్ క్యాష్‌కి వాడుకుంటుంది, కాబట్టి ఫ్రీ కాదు, అవైలబుల్ చూడాలి. అది బాగానే ఉండి, విఎంస్టాట్‌లో ‘ఎస్ఐ’, ‘ఎస్ఓ’ (ర్యామ్ చాలక డిస్క్‌లోని స్వాప్ నుంచి వచ్చేది, అక్కడికి వెళ్ళేది) సున్నాల దగ్గరే ఉంటే ర్యామ్ డబ్బులు మిగిలినట్టే.

నేను చివరికి మార్చింది ఆ డిస్క్ ఒక్కటే, పాతది ముగియకుండా కొత్తది మొదలవకుండా స్క్రిప్టుకు ఎఫ్‌లాక్ తగిలించాను. లోడ్ 1 లోపలికి వచ్చింది. ఓనర్ అప్పటికే కొత్త సర్వర్‌కి కొటేషన్ తెప్పించేశారు, దాన్ని వద్దనిపించడానికే నాకు ఎక్కువ కష్టమైంది. మీ దగ్గర డీలో ఉన్న కమాండ్లు ఏవో చెప్పండి, చూద్దాం.