గుంటూరు మిర్చి యార్డులో రైతు అరుస్తుంటే గుమస్తా ఏం చెయ్యాలి?

రైతుల సరుకు అమ్మిపెట్టే కమీషన్ కొట్లో గుమస్తాగా కొత్తగా చేరానని, సీజన్‌లో రైతులు, బస్తాలు మోసే ముఠా వాళ్లు, చివరికి షావుకారు కూడా కసురుకుంటున్నారని, నోరు జారకుండా ఎలా నెగ్గుకురావాలని అడిగారు.

ముందు ఆ కోపాన్ని లెక్కేసి చూడండి. 50 టిక్కీలు (మిర్చి బస్తాలు) తెచ్చిన రైతు ఉన్నాడనుకుందాం. టిక్కీకి 40 కిలోలు వేసుకున్నా 20 క్వింటాళ్లు. నిన్నటి మీద క్వింటాకు 500 తగ్గిందంటే 10,000 రూపాయలు పోయినట్టే. రాత్రంతా టిక్కీల మీద పడుకుని నిద్ర లేదు. పొద్దున్నుంచి టీ తప్ప ఏమీ పడలేదు. పైన ఎండ, ముక్కులో కాయ ఘాటు, ఊళ్లో కోత కూలీల బాకీ. ఆ మనిషి ‘ఏందయ్యా మీ దోపిడీ’ అన్నాడంటే ఆ పదివేలకు తగలాల్సిన మాట, ఎదురుగా ఉన్నారు కాబట్టి మీకు తగిలింది.

అరుస్తున్నప్పుడు ‘అరవకండి’, ‘కాస్త శాంతంగా ఉండండి’ అనొద్దు. చిన్నపిల్లాడికి చెప్పినట్టుంటుంది, ఇంకా రేగుతాడు. మాట పూర్తిగా అయ్యేదాకా ఆగండి, ఫోను జేబులో పెట్టండి. నలుగురి ముందూ తగ్గడం ఏ మనిషికైనా కష్టం, అందుకే ‘రండి బాబాయ్, నీడలో కూర్చుని మాట్లాడదాం’ అని ఫ్యాను కిందికి తీసుకెళ్లి నీళ్లివ్వండి. కళ్లు మండుతున్నాయంటే ముందు చేతులు సబ్బుతో కడుక్కోమనండి. కాయ పట్టిన చేత్తో కళ్లు నులిమితే మంట రెట్టింపవుతుంది. చేతులు శుభ్రమయ్యాకే కళ్లను మంచినీళ్లతో కడుక్కోమనాలి.

తర్వాత ఆయన గొడవనే ఆయన మాటల్లో తిరిగి చెప్పండి: ‘పక్క కొట్లో కాయకు ఎక్కువ పలికింది, మీదానికి తగ్గింది, అంతేగా?’ అవునన్నాక తగ్గడానికి కారణం చూపించండి. ఉత్త నోటి మాట నమ్మడు. శాంపిల్ కాయ చేతిలో పోసి, తాలు (రంగు పోయి తెల్లబారిన కాయ) ఎంత ఉందో ఏరి పక్కన పెట్టండి. తేమ ఉంటే గుప్పెట్లో నలిపి చూపించండి. గలగలమనకుండా మెత్తగా అణిగితే ఆయనకే తెలుస్తుంది. మిర్చి ఆయన పండించిందే, మీకన్నా బాగా తెలుసు. ఒకవేళ మీ పొరపాటే అయితే ‘తప్పు మాదే’ అని ఒక్క ముక్కలో ఒప్పుకోండి.

ఎక్కువ గొడవలు కాటా దగ్గరే. రైతు తొందరపెడుతున్నాడని విసుక్కుంటాం గానీ, ఎండలో ఆరుతున్న కాయకు తేమ పోయి తూకం తగ్గుతుంది. ఆలస్యమైన ప్రతి గంటా ఆయన డబ్బే. అందుకని ‘చూద్దాం లే’, ‘అయిపోతుంది’ అనే మాటలు మానెయ్యండి. ‘మీ ముందు ముగ్గురున్నారు, మూడింటికి మీ వంతు’ అని చెప్పండి. మూడింటికి కాలేదనుకోండి, మీరే వెళ్లి ‘ఇంకో అరగంట పడుతుంది పెద్దాయనా’ అనండి. కొత్త కబురేమీ లేకపోయినా వెళ్లాలి. ఆయన మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడంటే సగం కోపం దారిలోనే పెరిగి వస్తుంది.

ముఠా వాళ్లతో ఒక్కటే జాగ్రత్త: వీపు మీద బరువుండగా పిలవొద్దు, దించాక చెప్పండి. షావుకారు కసిరితే అప్పుడే సంజాయిషీ ఇవ్వకుండా, అడిగిన అంకె మాత్రం చీటీ మీద రాసి ముందు పెట్టండి.

దయ పేరుతో చెయ్యకూడనివీ ఉన్నాయి. ‘రేపు రేటు పెరుగుద్ది, ఉంచండి’ అని ఓదార్చొద్దు. పెరగకపోతే ఆ నష్టం ఆయన నెత్తిన పడుతుంది. తూకంలో మీ ఇష్టానికి సర్దొద్దు. కులం పేరుతో తిట్టినా, చెయ్యెత్తినా ఓర్చుకోనక్కర్లేదు, రెండడుగులు వెనక్కి వేసి షావుకారును పిలవండి.

సాయంత్రం పట్టీ (అమ్మకం లెక్క చీటీ) ఇచ్చేటప్పుడు తూకం, ధర, కోతలు ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదివి వినిపించండి. అలసిన కళ్లకు చిన్న అంకెలు ఆనవు, అడగడానికి మొహమాటపడతారు. పొద్దున అరిచిన సంగతి ఎత్తకండి. బస్సు ఎన్నింటికో అడిగి, నీళ్ల సీసా నింపి చేతికివ్వండి.