విరాళాల సేకరణ ఎక్కడ మొదలుపెట్టాలి?
ఫాదర్ గారూ, విశాఖలోని మీ విచారణ (పారిష్) పాఠశాలకు పై అంతస్తు కట్టేందుకు, ఆదివారం దివ్యపూజలో కరపత్రాలు పంచి విరాళాలు మొదలుపెట్టవచ్చా అని అడిగారు. నా దృష్టిలో అది చివరి మెట్టు. అగ్రపీఠం (ఆర్చిబిషప్ కార్యాలయం) అనుమతి, ఇంజనీరు అంచనా చేతికి వచ్చాక, పెద్ద మొత్తం ఇవ్వగల పది పదిహేను మంది పాత విద్యార్థులను ఇంటికే వెళ్లి కలవండి. లక్ష్యంలో సగమైనా వారి మాటతో నిలిచాకనే బహిరంగంగా ప్రకటించండి, ఎందుకంటే గుడి గుమ్మంలో సున్నా దగ్గర ఆగిన పట్టికను చూసినవారు జేబులో చేయి పెట్టరు. అమెరికాలో ఉన్నవారి విషయంలో మాత్రం జాగ్రత్త: భారత పౌరులు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు గాని, అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళాల నియంత్రణ చట్టమైన ఎఫ్‌సీఆర్‌ఏ పరిధిలోకి వస్తారు, ఆ సొమ్ము అనుమతి ఉన్న సంస్థ పేరిట న్యూఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే ముందు చేరాలి. రసీదు పుస్తకం అచ్చుకు ఇచ్చే ముందే అందులో పౌరసత్వానికి ఒక గడి పెట్టించండి.