‘వరంగల్’ రావాల్సిన చోట డిగ్రీ గుర్తులు

ప్రశ్న: పత్తి తూకం చీటీల కోసం జావాస్క్రిప్ట్‌తో ఒక పేజీ చేస్తున్నా. కాటాకు తగిలించిన బ్లూటూత్ బోర్డు నుంచి ఊరి పేరు 224, 176, 181, 224, 176, 176... ఇట్ల అంకెలుగా వస్తది. స్ట్రింగ్ డాట్ ఫ్రమ్‌క్యార్‌కోడ్‌తో మారిస్తే ఇంగ్లిష్ పేర్లు బాగనే వస్తున్నయి. తెలుగు పేరైతే నెత్తిన గీతున్న ఇంగ్లిష్ ‘ఎ’, డిగ్రీ గుర్తు మళ్లీ మళ్లీ పడుతున్నయి. తప్పు బోర్డుదా, నాదా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: బోర్డు సరిగ్గానే పంపుతోంది. అక్షరాలను అంకెలుగా రాసే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఏదైనా సరే మూడు బైట్లు, అంటే మూడు అంకెలు. మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177. ‘వ’ అంటే 224, 176, 181. ఫ్రమ్‌క్యార్‌కోడ్ మూడింటినీ కలిపి చూడదు, ఒక్కో అంకెను ఒక్కో అక్షరం అనుకుంటుంది. 176వ అక్షరం డిగ్రీ గుర్తు. మీకు కనిపిస్తున్నది అదే. ఇంగ్లిష్ అక్షరాలు 127 లోపే ఉంటాయి కనుక అక్కడ ఈ లోపం బయటపడదు. పైగా అంకెలు లక్షల్లో ఉంటే, మూడు చుక్కలు పెట్టి అన్నీ ఒకేసారి దానికి అందించినప్పుడు రేంజ్‌ఎర్రర్‌తో ఆగిపోతుంది కూడా.

వాడాల్సింది, బైట్లను తిరిగి అక్షరాలుగా మార్చే టెక్స్ట్‌డీకోడర్. మామూలు అరేను (అంకెల జాబితాను) నేరుగా ఇస్తే టైప్‌ఎర్రర్ వస్తుంది. ముందు దాన్ని బైట్ల కోసమే ఉన్న యూఇంట్8అరేగా మార్చి, తర్వాత డీకోడ్‌కు ఇవ్వండి. ఎన్‌కోడింగ్ పేరు రాయకపోతే యూటీఎఫ్-8 అనే తీసుకుంటుంది.

అసలు చిక్కు బ్లూటూత్‌తో వస్తుంది. తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్‌లో, పరిమితి పెంచకపోతే ఒక విడతకు 20 బైట్లే చేరతాయి. ఇరవైలో ఆరు తెలుగు అక్షరాలకు 18 పోను రెండు మిగులుతాయి, అంటే ఏడో అక్షరం మధ్యలో తెగుతుంది. ఒక్కో విడతను విడిగా డీకోడ్ చేస్తే ఆ తెగిన చోట రెండు నల్ల డైమండ్ ప్రశ్నార్థకాలు పడతాయి, పోయిన అక్షరం ఇక తిరిగి రాదు. అందుకే డీకోడర్‌ను ఒక్కసారే సృష్టించి పెట్టుకోండి. ప్రతి విడతకూ డీకోడ్‌లో స్ట్రీమ్‌ను ట్రూ చేయండి. మిగిలిన రెండు బైట్లను అది దాచుకుని తర్వాతి విడతతో కలుపుతుంది. పేరు పూర్తయ్యాక, ఏమీ ఇవ్వకుండా డీకోడ్‌ను ఇంకోసారి పిలవాలి. ప్రతి విడతకూ కొత్త డీకోడర్ చేస్తే స్ట్రీమ్ పెట్టినా లాభం లేదు, చాలామంది జారేది ఇక్కడే.

ఇంకో సంగతి. కొన్ని బోర్డులు 20 బైట్ల గడి నిండేదాకా సున్నాలు పంపుతాయి. ‘వరంగల్’కు 18 బైట్లు, ఆపైన రెండు సున్నాలు. తెర మీద తేడా కనిపించదు గానీ పొడవు 6కు బదులు 8 వస్తుంది, జాబితాలోని పేరుతో పోలిస్తే సమానం కాదంటుంది. డీకోడ్ చేయకముందే మొదటి సున్నా దగ్గర సబ్‌అరేతో కోసేయండి.

ప్రశ్న: మా జావా సర్వర్ -32, -80, -75 అని రుణ సంఖ్యలు పంపుతోంది. బైట్ 0 నుంచి 255 దాకానే కదా?
– ఒక విద్యార్థిని, కాజీపేట

జవాబు: జావాలో బైట్ -128 నుంచి 127 వరకు. 256 కలిపి చూడండి: 224, 176, 181. అదే ‘వ’. యూఇంట్8అరేలో వేస్తే ఈ లెక్క అదే చేసుకుంటుంది. పేరు దగ్గరగా ఉందని యూఇంట్8క్లాంప్డ్‌అరే మాత్రం వాడకండి. అది సున్నా కన్నా తక్కువైనవన్నీ సున్నా చేసేస్తుంది.

ప్రశ్న: అంకెలను యూఇంట్8అరేగా మార్చి డీకోడ్ చేశా. ఎర్రర్ ఏమీ లేదు, కానీ ఫలితం ఖాళీ.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీరు రాసి పంపిన కోడ్ వరుసలో అంకెలన్నీ ఒకే కొటేషన్‌లో ఉన్నాయి. అది అరే కాదు, స్ట్రింగ్ (అక్షరాల వరుస). దాన్ని నేరుగా ఇస్తే యూఇంట్8అరే సున్నా పొడవుతో తయారై ఊరుకుంటుంది. కామా దగ్గర స్ప్లిట్ చేసి, మ్యాప్‌లో నంబర్ పెట్టండి. అక్కడ పార్స్‌ఇంట్ పెట్టొద్దు: మ్యాప్ ఇచ్చే వరుస సంఖ్యను అది అంకెల ఆధారం (రెండు, పది లాంటి బేస్) అనుకుని, రెండో అంకె నుంచే లెక్క తప్పుతుంది. ముందుముందు ఇలాంటివి మౌనంగా దాటిపోకుండా టెక్స్ట్‌డీకోడర్‌లో ఫేటల్‌ను ట్రూ చేసుకోండి. అయితే అది పట్టేది చెడిన బైట్లనే, ఖాళీ అరేను కాదు. పొడవు మీరే చూసుకోవాలి.