పారిస్ చదువుకి ముందు ఒక్క మాట, బుజ్జీ

బుజ్జీ,

పారిస్‌లోని ఈఎస్‌సీపీ బిజినెస్ స్కూల్లో మాస్టర్స్ ఇన్ మేనేజ్‌మెంట్‌కి అప్లై చేస్తున్నావని పొద్దున్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వే చెప్పొచ్చుగా, పెద్దమ్మంటే అంత పరాయిదా? పక్కింటావిడకి గొప్పగా చెప్పేసి వచ్చి కూర్చున్నాక టెన్షన్ మొదలైంది. ఈఎస్‌సీపీ 1819 నాటిది. బిజినెస్ స్కూళ్లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపులు ఏఏసీఎస్‌బీ, ఈక్విస్, అంబా మూడూ ఉన్నాయి. దానికి బెంగ లేదు. అది రాకపోతే అని నువ్వు రాసి పెట్టుకున్న మిగతా స్కూళ్ల సంగతే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్లు చూసే రోజుల్లో ఒక కుర్రాడు వచ్చాడు. పారిస్‌లో ఎంబీఏ అన్నాడు. బ్రోషర్ నిండా ఈఫిల్ టవరే. కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిందల్లా నమ్మాడు. వాళ్ల నాన్న ఇంటి దస్తావేజులు గుడ్డసంచిలో తెచ్చి, మడతలు చిరగకుండా ఒక్కొక్కటే నా బల్ల మీద పరిచాడు. లోన్ ఇచ్చాం. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కునే పర్మిట్‌కి వెళ్తే ఆ డిగ్రీ పనికిరాదన్నారు. ఫ్రాన్స్‌లో ఎంబీఏ అనే పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. మాస్టర్స్ స్థాయి డిగ్రీ అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, 'గ్రాద్ ద మాస్టర్', వేరు. ఆర్‌ఎన్‌సీపీ (అక్కడి వృత్తి అర్హతల జాతీయ జాబితా) లెవల్ 7 అని గొప్పగా రాసుకున్నా దానికి సాటి రాదు. కోర్సు పూర్తయిన ఏడాదికి కిస్తీలు మొదలయ్యాయి. కుర్రాడు అప్పటికే ఇంట్లో ఉన్నాడు. ఆ తండ్రి ప్రతి నెలా వచ్చి, వాయిదా కట్టలేక, నాకు నమస్కారం పెట్టి వెళ్లేవాడు.

అందుకే ప్రతి స్కూలుకీ మెయిల్ పెట్టు. 'నేను చేరే ఈ ప్రోగ్రాముకి గ్రాద్ ద మాస్టర్ ఉందా, ఏ సంవత్సరం దాకా?' అని అడుగు. స్కూలు మంచిదైతే చాలదు, ఒకే స్కూల్లో ఒక కోర్సుకి ఉండి ఇంకోదానికి లేకపోవచ్చు. జవాబు రాతలోనే రావాలి, ఫోన్‌లో చెబితే ఒప్పుకోకు.

ఫైనాన్షియల్ టైమ్స్ ర్యాంకుల్లో జీతాలు చూసి మురిసిపోకు. అవి చదువైన మూడేళ్ల తర్వాతివి, పైగా కొనుగోలు శక్తి లెక్కన, అంటే దేశాల మధ్య ధరల తేడాను బట్టి, సవరించిన డాలర్లు. ఫ్రెంచ్ మాత్రం ఇవాళే మొదలుపెట్టు. క్లాసులు ఇంగ్లీషులో నడిచినా ఇంటర్న్‌షిప్ ఇచ్చేవాళ్లు చాలామంది ఫ్రెంచ్ అడుగుతారు.

లోన్ 7.5 లక్షలు దాటితే సాధారణంగా బ్యాంకు ఆస్తి తనఖా అడుగుతుంది. వాళ్ల మాట కూడా పూర్తి కాకముందే మీ నాన్న ఇల్లు రాసిచ్చేస్తాడు. ఆ సంతకానికి ముందు నాకు ఫోన్ చెయ్యమను. కాగితాలు నేను చదవాలి.

మీ పెద్దమ్మ